దస్తగిరి మామ కోసమని అర్జీల రాసిన మాట

ఆ మాట కొట్టెయ్యి బిడ్డా. ఏదంటే, ఇప్పుడు చదివి వినిపించినవ్ గదా, "పోలీస్ యాక్షన్ అప్పుడు సికింద్రాబాద్ల అంతా కన్ఫ్యూజన్ ఉండె" అని. నేను గట్ల చెప్పలే. లారీలు వచ్చినయని చెప్పిన, దుకాన్లు బంద్ అయినయని చెప్పిన, జనం తలుపులకు అడ్డగడియ పెట్టుకొని కూసున్నరని చెప్పిన. నువ్వు అన్నీ జమ చేసి ఒక్క మాటల పెట్టేసినవ్. నీ తప్పు గాదులే, మీ బుక్కులల్ల సుత గట్లనే ఉంటది. కని ఆ మాట నా నోట్లెకెల్లి నేను ఎన్నడు రానియ్య. ఇంగ్లీషు చదువుకున్నదాన్నే, పిల్లలకు చెప్పినదాన్నే, అయినా రానియ్య. ఎందుకంటే ఆ మాటను మంచి దస్తూరితోని, ఒంకర లేకుండ, మరక లేకుండ కాయితం మీద రాసింది నేనే. కూసో, ఫోను పక్కకు పెట్టు, చెప్తా.

మేము అప్పుడు బోయిగూడల ఉంటుంటిమి. రెండు అర్రలు, ముంగట చిన్న వాకిలి, వాకిట్ల గిన్నెలు తోమే బండ. మా నాయిన ఒంగోలు దిక్కోడు. మిషన్ ఇస్కూల్ల ఇంగ్లీషు సారు, ఆడనే హాస్టల్ పిల్లల తిండి సుత ఆయన చేతి కిందనే. మా అమ్మది ఈడనే పుట్టువడి. అందుకే మా ఇంట్ల రెండు తెలుగులు ఉంటుండె. నాయిన "రండి, వెళ్ళండి" అంటే అమ్మ "రాండ్రి, పోండ్రి" అనేది. పొద్దుగూకంగనే అమ్మ కందిలి చిమ్నీ బూడిదతోని తుడిచి ముట్టిచ్చేది, ఆ గ్యాసునూనె వాసన, పొయ్యి మీద చింతపండు పులుసు వాసన కలిసి ఇప్పటికి సుత నా ముక్కుల ఉన్నయి. అందరం చాప మీద కూసొని ప్రార్థన చేసుకునేటోళ్లం. ప్రార్థన అయినంక నాయిన బైబిలు మూసి డిక్షనరీ తెరుస్తుండె. దినానికి ఒక్క మాట. ఆ మాటకు అర్థం చెప్పాలె, ఇంటి సంగతి మీద ఒక వాక్యం, బజారు సంగతి మీద ఒక వాక్యం చెయ్యాలె. అప్పటిదాంక అన్నం లేదు. మా అమ్మకు ఇంగ్లీషు రాకున్నా ఊకుంటదా, నడుమల నడుమల ఒక మాట ఏసేది.

కన్ఫ్యూజన్ అన్న మాట వచ్చిన దినం నాకు మంచిగ యాదుంది. "అంతా కలగాపులగం అయిపోవడం, ఏది ఏదో తెలియకపోవడం" అని చెప్పిండు నాయిన. "గదా, నాకు రోజు పొద్దుగాల పొయ్యి కాడ ఉండేదే" అన్నది అమ్మ. నాయిన నవ్విండు. నవ్వి, "ఇది చాలా మర్యాదైన మాట అమ్మాయ్, దీన్ని జాగ్రత్తగా దాచుకో" అన్నడు. పెండ్లికి ముందుగల్ల ఆయన తిరుమలగిరిల తెల్లదొరల దఫ్తర్ల గుమస్తాగిరి చేసిండు. ఆడ ఫైలు పోయినా, సామాను తప్పు కాడికి పోయినా, "కొంత కన్ఫ్యూజన్ వలన ఇట్లు జరిగినది" అని ఒక్క లైను రాస్తే దొర చల్లవడి సంతకం పెట్టేటోడట. "తప్పు జరిగిందని ఒప్పుకున్నట్టూ ఉంటుంది, ఎవరి మీదా వేలు చూపినట్టూ ఉండదు. అలాంటి మాట మన భాషలో లేదు" అన్నడు. నాకు గొప్పగ అనిపిచ్చింది. కొత్త గాజులు తొడుక్కున్నట్టు ఆ మాట వారం దినాలు ఊకె అనుకుంట తిరిగిన.

గా ఇంగ్లీషుతోనే మా నాయిన చుట్టుపక్కల అందరికి అర్జీలు రాసిచ్చేటోడు. పైస తీసుకోకపోవు. ఆయనకొక పద్ధతి ఉండె. వచ్చినోళ్లను వాకిట్ల కూసోవెట్టి, ముందుగల్ల అంతా చెప్పుకోనిచ్చేటోడు. ఏడ్సినా, తిట్టినా, అడ్డం తగలకపోవు. అంతా విన్నంక ఒక్కటే చెప్పేటోడు, "అర్జీలో మనుషుల పేర్లు ఉండకూడదు. పేరు రాస్తే ఒకడికి కోపం వస్తుంది, కోపం వస్తే పని చెడుతుంది." గట్ల చిత్తు రాసిండంటే, సాపు కాపీ రాసేది నేను. నాకప్పుడు పన్నెండేండ్లు ఉంటయేమో. నా అక్షరాలు గుండ్రంగ, ఎడం ఎడంగ ఉంటుండె. "దొరలు ముందు దస్తూరీ చూస్తారు, తర్వాతే సంగతి చూస్తారు" అని ఆయన అందరి ముంగట నన్ను మెచ్చుకుంటుండె. దానికోసం నేను ఎన్ని కాయితాలన్నా రాసేదాన్ని.

మా పక్కింట్ల ఉండేటోళ్లు దస్తగిరి మామ, మహబూబ్ అత్త. తురకోళ్లే గని ఇంట్ల తెలుగే. దస్తగిరి మామది కలాయి పని. మీకు కలాయి అంటే ఏందో తెల్వది, అంతా స్టీలు వచ్చె. అప్పుడు ఇత్తడివి, రాగివి గిన్నెలు. లోపల తగరం పూత పొయ్యిందంటే చిలుము పట్టి అన్నం ఇసమైతది. మామ ఇంటి ముంగట భూమిల చిన్న గుంత తవ్వి, బొగ్గులేసి, తోలు తిత్తి ఒత్తుకుంట మంట చేసి, కాలిన గిన్నెల నవసాగరం చల్లేటోడు. బుస్సుమని తెల్ల పొగ లేస్తుండె, గొంతు మండే వాసన. దూదితోని తగరం ఒక్కసారి తిప్పిండంటే లోపల చందమామ లెక్క అయిపోయేది. హాస్టల్‌ల వంట చేసే పెద్ద డేగులైతే ఇసుక పోసి, తనే అండ్ల దిగి, అంచు పట్టుకొని నడుము అటూ ఇటూ తిప్పుకుంట కాళ్లతోని తోముతుంటె మేము పిల్లలం చుట్టు నిలబడి నవ్వేది. "నవ్వుండ్రి నవ్వుండ్రి, పెండ్లిల పలావ్ తినేటప్పుడు నా నాట్యం యాదికి రావాలె" అనేటోడు. మహబూబ్ అత్త నన్ను కోడలు పిల్లా అని పిల్సేది. ఆమెకు పిల్లలు లేకుండె. మా ఇంట్ల చారు చేస్తే ఆమెకో గిన్నె, ఆమె ఖట్టా చేస్తే మాకో గిన్నె, గిన్నెలు ఎవరివి ఎవరింట్ల ఉన్నయో తెల్వకపోవు.

పోలీస్ యాక్షన్‌కు ముందుగల్ల, ఎండకాలంల, ఖాకీ బట్టల వాలంటీర్లు మౌలాలి దిక్కు మైదానంల క్యాంపు పెట్టిన్రు. వాళ్ల పేరు నీ బుక్కుల ఉంటది, మల్ల నాతోని చెప్పియ్యకు. ఒకనాడు బండి కట్టుకొని ఇస్కూలుకు వచ్చి హాస్టల్‌వి రెండు రాగి డేగులు ఎత్తుకపోయిన్రు. ఎవరు అడ్డం చెప్తరు? పది దినాలకు మల్ల కబురు. డేగులకు కలాయి పోయింది, కూర నల్లగైతుంది, మీ కలాయాయనను పంపుండ్రి అని. పంపకుంటే హాస్టల్ బంద్ చేయిస్తమని సుత అన్నరు. నాయిన వచ్చి దస్తగిరి మామను పిలిచిండు. నేను వాకిట్ల బియ్యం చెరుగుతున్న. మామ తిత్తి మీద చెయ్యి తీయకనే అన్నడు, "సార్, ఆడికి పోవద్దనే నేను ఇన్ని దినాలు గల్లీ దాటలే. పోతే నన్ను సుత వాళ్లల్లనే కలుపుతరు."

"రెండు రోజుల పని దస్తగిరీ. హాస్టల్ పిల్లల అన్నం సంగతి."

"రేపొద్దున ఎవరన్న అడిగితే?"

"నేను పంపానని చెప్తాను. నేనున్నాను కదా."

మామ నా దిక్కు చూసి, "ఇన్నవా కోడలు పిల్లా, సాక్ష్యం నువ్వే" అని నవ్విండు. తగరం మూట కట్టుకొని పోయిండు. రెండు దినాలు ఆడ పని చేసి వచ్చిండు. ఆడికి పోంగ రాంగ మంది చూసిన్రు. మల్ల ఎన్నడు పోలే.

ఆ వానకాలం చివర్ల ఫౌజు వచ్చింది. మీద ఇమానాలు తిరిగినయి, నాలుగైదు దినాలల్ల అంతా అయిపోయిందన్నరు. మా ఇస్కూలు గంట మోగింది, జనం బయిటికి వచ్చి జెండాలు పట్టుకున్నరు, మిఠాయి పంచిన్రు. ఇగ తర్వాత షురూ అయింది. తాళం పెట్టి పోయిన ఇండ్లల్ల మంచాలు మాయమైనయి, కుట్టుమిషన్లు మాయమైనయి. మా గల్లీ కొసకు ఉండే ఒకాయన ఇంట్ల కొత్త గడియారం టిక్కు టిక్కుమంటుంటె అమ్మ అడిగింది, యాడిదని. "గా కన్ఫ్యూజన్ల దొరికింది అమ్మా" అన్నడు. మా నాయిన కాడ నేర్సుకున్న మాటే. ఇంకొకామె చెల్లెలు జాడ లేకపాయె, "కన్ఫ్యూజన్ల పోయింది" అన్నరు. దొరికినదానికి అదే మాట, పోయినదానికి అదే మాట. ఎవరు తీసిన్రో, ఎవరు తోలిన్రో ఆ మాటల ఉండదు. ఇంగ్లీషు రానోళ్లకు సుత ఆ ఒక్క మాట వచ్చేసింది.

గా దినాలల్లనే, పొద్దుగాల పూట, దస్తగిరి మామ గుంత కాడ కూసొని తిత్తి ఒత్తుతున్నడు. ఫౌజోళ్ల లారీ వచ్చి ఆగింది. ఎవరో ఆయన పేరు చెప్పిన్రు, వాలంటీర్ల క్యాంపుల ఉండె అని. ఆయన లేచి నిలబడి, "కలాయి పెట్టనీకి పోయిన సాబ్" అన్నడు. నల్ల చేతులు ముంగటికి చాపి చూపెట్టిండు, ఇగొ నా పని ఇది అన్నట్టు. ఆ చేతులు పట్టుకొనే లారీ ఎక్కిచ్చిన్రు. గుంతల బొగ్గులు ఎర్రగ మండుతనే ఉన్నయి. మహబూబ్ అత్త లారీ ఎంబడి ఉరికింది, మూల మలుపుల పడ్డది. నేను మా గడపల నిలబడి చూసిన. నాయిన అప్పుడు ఇంట్లనే ఉన్నడు. తలుపు యెనక నిలబడ్డడు.

రెండో దినం అత్త వచ్చి వాకిట్ల కూసున్నది. నాయిన తన పద్ధతి ప్రకారం అంతా చెప్పుకోనిచ్చిండు. ఆమె ఏడ్వలే. ముందుగల్లనే మనసుల తయారు చేసుకొని వచ్చినట్టుంది, నాలుగే ముక్కలు చెప్పింది. "మా ఆయన కలాయి పెట్టనీకి పోయిండు. డేగులు మీ ఇస్కూలువి. పంపింది మీరు. ఇది రాయుండ్రి సార్, ఇంకేం వద్దు." నాయిన తల ఊపిండు. ఆ మాపటికి చిత్తు రాసిండు, గింజుకుంట గింజుకుంట, కొట్టేసుకుంట. మా పక్క గల్లీలనే ఒక సారును ఆ వాలంటీర్లకు జాబితా రాసిచ్చిండని పట్టుకపోయిన్రు అప్పటికే. అమ్మ అన్నం వడ్డిచ్చుకుంట అడిగింది, "మహబూబ్ చెప్పింది రాసిన్రా?"

"రాయాల్సింది రాశాను."

అమ్మ రెండోసారి అడగలే. ఆమెకు సుత భయమే. నేను ఆమెను తప్పు పట్ట.

పొద్దున సాపు కాపీ రాయమని నా ముంగట పెట్టిండు. అండ్ల ఏమున్నదంటే, ఆనాటి కన్ఫ్యూజన్ల అర్జీదారు భర్త ఎట్లనో ఆ క్యాంపు కాడ కనవడ్డడు, ఎట్ల పోయిండో అర్జీదారుకు తెల్వది, అదే కన్ఫ్యూజన్ల ఆయనను పట్టుకున్నరు, గరీబోడు, దయ చూపాలె, అని. డేగులు లేవు. ఇస్కూలు లేదు. నేను కలం పట్టుకొని నాయిన మొకం దిక్కు చూసిన. "రాయి అమ్మాయ్" అన్నడు. రాసిన. మంచిగ రాసిన. ఆ మాట రెండు సార్లు వచ్చింది, రెండు సార్లు సుత మొదటి అక్షరం పెద్దగ, సుడి తిప్పి, అందంగ రాసిన.

వేలిముద్ర వేసేటందుకు అత్త వచ్చింది. నాయిన ఇంకు డబ్బి తెరిచిండు. ఆమె బొటనవేలు ముంచకముందు నా దిక్కు తిరిగి అడిగింది, "కోడలు పిల్లా, జెర తెలుగుల చదువు. నేను చెప్పినట్టు ఉన్నదా?" నాయిన కిటికీ దిక్కు చూస్తున్నడు. అమ్మ వంటింట్ల గంటె చప్పుడు ఆపింది. నేనన్న, "నువ్వు చెప్పినట్టే ఉన్నది అత్తా." ఆమె వేలు ఒత్తింది.

నెల దినాలు ఏం జవాబు రాలే. ఇగ ఆమెనే దఫ్తరుకు పోయింది. తెల్లారంగ పోయి పగటీలి దాటినంక వచ్చింది, చెప్పులు చేతుల పట్టుకొని. మా ఇంట్లకు వచ్చింది గని నాయిన కాడికి పోలే. నేను బండ కాడ బూడిదతోని గిన్నెలు తోముతున్న, నా ముంగట కూసున్నది.

"ఆడ గుమస్తాకు నేను నోటితోని చెప్పిన బిడ్డా. ఇస్కూలు సారు పంపిండు, డేగులు ఇస్కూలువి అని. ఆయన కాయితం తీసి చదివిండు. ఎట్ల పోయిండో తెల్వదని నువ్వే వేలిముద్ర వేసినవ్, ఇప్పుడు ఇంకో కథ చెప్తున్నవ్, ఏది నిజం, తేల్చుకొని రా పో అన్నడు. కన్ఫ్యూజన్ కన్ఫ్యూజన్ అని రెండు సార్లు చదివిండు. అంటే ఏంది?"

ఇంగ్లీషు మాటకు తెలుగుల అర్థం అడిగితే నేను ఎన్నడు తడుముకోలే. ఆ దినం తడుముకున్న. "గడబిడ, అత్తా" అన్న.

"గడబిడనా." ఆమె ఆ మాట నోట్లె తిప్పి చూసుకున్నది. "గడబిడ అంటే జాతర్ల పిల్ల తప్పిపోయేది. గుట్ట కాడ ఉర్సుల చెప్పులు మారేది. మీ మామ తప్పిపోయిండా? నీ కండ్ల ముంగట తీస్కపోలే?"

"తీస్కపోయిన్రు."

"మరి నేనడిగితే నేను చెప్పినట్టే ఉన్నదంటివి."

నేను గిన్నె తోముతనే ఉన్న. నాయిన లోపలికెల్లి వచ్చి గడపల నిలబడ్డడు. ఆమె తల ఎత్తి, గొంతు పెంచకుండనే అన్నది, "నేనున్నాను కదా అన్నరు సార్ మీరు. ఆయన దాని మీదనే పోయిండు." లేచింది. రెండు దినాలల్ల ఇల్లు ఖాళీ చేసి మౌలాలికి పోయింది. వాళ్ల తమ్ముడు ఆడ రైల్వేల కూలి చేసేటోడు. మా గిన్నెలు నాలుగు కడిగి మా గడపల బోర్లిచ్చి పోయింది.

ఇగ మా ఇంట్ల డిక్షనరీ తెరుసుడు బంద్ అయింది. ప్రార్థన అయితుండె, చాప చుడుతుంటిమి. నాయిన పొద్దుగాల లేచి కోటు తొడుక్కునేటోడు, దఫ్తరుకు పోతా అని. గడప దాంక పోయి, మల్ల వచ్చి కోటు మొలకు తగిలిచ్చి ఇస్కూలుకు పోయేటోడు. "ఇయ్యాల సుత పోలే?" అనేది అమ్మ. రేపు అనేటోడు. గట్ల చలికాలం వచ్చింది. మీరు ఇప్పుడు చెప్పులు కొనేటందుకు దుకాన్ల నిలబడి సుత కన్ఫ్యూజన్ అంటరు, పెండ్లి సంబంధం వద్దనేటందుకు సుత అంటరు. అనుకోండ్రి, మీకు అది ఉత్త మాట. పని జేసినోడు పక్కకు జరిగి నిలబడేటందుకు జాగ ఇస్తది ఆ మాట, అంతే నాకు తెలిసింది. అప్పుడు మా నాయిన అండ్ల నిలబడ్డడు, ఆయన పక్కన నేను నిలబడ్డ. ఇప్పుడు టీవీల పెద్ద పెద్దోళ్లు యాడనో జనం సచ్చిపోతే అదే మాట అనుకుంట అండ్లనే నిలబడుతున్నరు. అప్పటికి ఇప్పటికి కందిలి పోయి కరెంటు వచ్చింది గని ఆ జాగ ఎక్కువనే అయింది, తక్కువ గాలే.

క్రిస్మస్ ముంగట ఇస్కూలు ముందర ఒక బండి ఆగింది. క్యాంపుల జప్తు చేసిన సామాన్లల్ల మా ఇస్కూలు పేరు చెక్కిన డేగులు రెండు దొరికినయట, వాపసు పంపిన్రు. మూత తీసి చూస్తే లోపల కలాయి తెల్లగ మెరుస్తనే ఉన్నది. గిన్నెలు యాడివో ఎవరివో అంత గడబిడల సుత మంచిగనే తెలిసింది వాళ్లకు. పండుగనాడు పిల్లలకు అండ్లనే పలావ్ వండిన్రు. నాయిన వడ్డిచ్చిండు గని తినలే. తెల్లారి కోటు తొడుక్కున్నడు, ఈసారి గడప దాటిండు. చిత్తు లేదు, సాపు లేదు, ఆయన చేతితోనే ఒక కాయితం రాసుకొని పోయిండు. ఆడ రిజిస్టరు తీసి చూసిన్రట. దస్తగిరి, కలాయి పని, జైలు దవాఖానల రక్త విరేచనాలతోని సచ్చిపోయిండని రాసి ఉండె. అప్పటికి ఇరవై దినాలు అయింది.

మరునాడు నన్ను ఎంబడి పెట్టుకొని మౌలాలికి నడిచిండు. రైల్వే క్వార్టర్ల యెనక ఒక రేకుల అర్ర, దాని ముంగట మహబూబ్ అత్త కూసొని చాటల బియ్యంల రాళ్లు ఏరుతున్నది. నన్ను చూసి పక్కన ఉన్న గోనెసంచి జరిపింది, కూసోమన్నట్టు. నాయిన నిలబడ్డడు.

"అమ్మా, దస్తగిరి..."

"తెలుసు సార్. జైలుకెల్లి ఇడిసిన ఒకాయన మొన్ననే వచ్చి చెప్పిండు."

నాయిన కోటు గుండీ పట్టుకున్నడు. "నేను పంపానని నిన్న రాసిచ్చి వచ్చాను. డేగుల సంగతి, అంతా."

"మీ పేరు పెట్టి?"

"నా పేరు పెట్టి."

ఆమె చాట ఒళ్లె పెట్టుకొని ఆయన మొకం మంచిగ చూసింది, దెబ్బలు ఏమన్న ఉన్నయా అన్నట్టు. "ఏం చేసిన్రు మిమ్మల్ని?"

"ఏమీ చేయలేదు."

"లోపల కూసోవెట్టలే?"

"లేదు. కుర్చీ వేశారు. చాయ్ ఇచ్చారు."

రైలు ఒకటి పోయింది. అది పోయినంక ఆమె అడిగింది, "తాగిన్రా సార్?"

"తాగాను."

ఆమె చాట అందుకొని, రాళ్లు యాడ ఇడిసిపెట్టిందో ఆడికెల్లి మల్ల ఏరుడు షురూ చేసింది. మేము కొంచెం సేపు చూసినం. ఆమె ఇగ తల ఎత్తలే.